విశాఖ తీరం, అనంతగిరి శిఖరం: ఒకే విజ్ఞానయాత్ర

ప్రతి విద్యాసంవత్సరం అర్ధవార్షిక పరీక్షలు ముగియగానే మన కళాశాలలో విహారయాత్ర ప్రస్తావన వస్తుంది. ఎక్కడికి వెళ్లాలన్న విషయంలో విద్యార్థులు సాధారణంగా రెండు పక్షాలుగా చీలిపోతారు. ఒక పక్షం వారికి సముద్రతీర నగరం కావాలి. రెండవ పక్షం వారికి చల్లని కొండలు కావాలి. చివరకు అధిక సంఖ్యాకుల మాట నెగ్గుతుంది. తక్కినవారు అర్ధమనస్కులై వెంట వెళ్తారు. ఈ వివాదమే అనవసరమని నా అభిప్రాయం. కడలినీ కొండనూ ఒకే యాత్రలో చూడవచ్చు. అంతేకాదు, ఒకదానిని చూడక రెండవదానిని సంపూర్ణంగా గ్రహించలేము. విశాఖపట్నం, దానికి వాయవ్య దిశగా ఉన్న అనంతగిరి కొండలు ఇందుకు చక్కని నిదర్శనం.

తూర్పు కనుమలు మన తీరం పొడవునా సముద్రానికి కొంత ఎడంగా సాగుతాయి. విశాఖ వద్ద మాత్రం వాటి శాఖలు అలల అంచు వరకు వస్తాయి. 1933లో ప్రారంభమైన నౌకాశ్రయానికి తుఫాను గాలుల నుండి రక్షణ కల్పిస్తున్న డాల్ఫిన్స్ నోస్ అటువంటి కొండయే. దానిలోని ఖోండలైట్ అనే శిల కనుమల అంతర్భాగంలోనూ విస్తారంగా కనబడుతుంది. ఆ శిలకు ఆ పేరు కొండలలో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీదుగానే వచ్చింది. రేవు పక్కన నిలబడిన విద్యార్థి తనకు తెలియకుండానే కనుమల పాదాల వద్ద నిలిచి ఉన్నాడన్నమాట.

శిలకంటె స్పష్టమైన సాక్ష్యం నీరు చెబుతుంది. గోస్తనీ నది అనంతగిరి కొండలలో జన్మించి, బొర్రా వద్ద సున్నపురాతి గుహల గుండా ప్రవహించి, తాటిపూడి జలాశయంలో నిలిచి, భీమునిపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. తాటిపూడి నీరు విశాఖ నగరవాసుల దాహాన్ని కొంతవరకు తీరుస్తున్నది. కొండమీద అడవి పలచబడితే ఆ నష్టం నగరంలోని కుళాయి వరకు వస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను కూడ ఈ బంధాన్నే మరొక విధంగా చూపింది. ఆ పేరు మన ఉర్దూ విద్యార్థులకు సుపరిచితమైన పక్షి పేరే. నగరంలోని వృక్షాలను కూల్చిన ఆ గాలి అంతటితో ఆగక, కొండలలోని కాఫీ తోటలకు నీడనిచ్చే చెట్లను సైతం విరిచివేసింది.

ఇక ప్రయాణ విధానం గూర్చి ఒక మాట. 1960వ దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుండి జపానుకు చేర్చే నిమిత్తం కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం నిర్మించారు. సొరంగాలలో దూరుతూ, లోయల అంచున వంపులు తిరుగుతూ రైలు పైకి సాగే దృశ్యం మనోహరమైనదే. కాని చాలమంది యాత్రికులు రైలు కిటికీలో నుండి లోయను చూచి, గుహలలో ఒక గంట గడిపి, సాయంత్రానికి నగరానికి మరలిపోతారు. కొండను చూచామన్న తృప్తి మిగులుతుందే గాని, దానిని ఎరిగినట్లు కాదు.

ఉర్దూలో సైర్, సఫర్ అని రెండు మాటలు ఉన్నాయి. మొదటిది వినోదానికి తిరగడం. రెండవది శ్రమతో కూడిన ప్రయాణం. మన యాత్రలో నగరం సైర్ అయితే కొండ సఫర్ కావాలి. కాలినడకన ఎక్కినవాడికే కాఫీ మొక్క నీడలో ఎందుకు పెరుగుతుందో, ఆ నీడచెట్టునే ఆధారం చేసుకొని మిరియపు తీగ ఎట్లా పాకుతుందో తెలుస్తుంది. శీతకాలారంభంలో పచ్చని వలిసె పూలు పరచుకున్న పొలాన్ని అతడు ఆగి చూడగలడు. వర్షపు నీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాతిని కరిగిస్తుందని పాఠ్యగ్రంథంలో చదివినదానికి బొర్రా గుహలోని ఒక్కొక్క నీటిచుక్క వ్యాఖ్యానమవుతుంది.

అయితే ఆ కొండలు మన వినోదార్థం ఏర్పడినవి కావు; అక్కడ నివసించేవారి ఇల్లు అవి. బొర్రా పరిసర గ్రామాలలో గనుల లీజులకు సంబంధించిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాలలోని భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. దేశమంతటా ఉదాహరింపబడే ఆ తీర్పు పుట్టిన నేలపై నడిచే విద్యార్థికి కొన్ని బాధ్యతలు ఉన్నాయి. అడగకుండా ఎవరి ఛాయాచిత్రమూ తీయరాదు. ప్లాస్టిక్ చెత్తను వెంట తిరిగి తేవాలి. దారి చూపిన గ్రామస్థునికి న్యాయమైన ప్రతిఫలం ఇవ్వాలి.

ఈ ప్రతిపాదనకు ఆక్షేపణలు లేకపోలేదు. వాటిలో ముఖ్యమైనది విద్యార్థినుల గూర్చినది. దూరప్రయాణమనగానే తలిదండ్రులు సందేహిస్తారు. కొండ ఎక్కడమంటే మరింత సంకోచిస్తారు. వారి ఆందోళనను తేలికగా తీసుకొనరాదు. అందుకు పరిష్కారం బాలికలను ఇంటివద్ద విడిచి వెళ్లడం కాదు. మహిళా అధ్యాపకులు వెంట ఉండడం, బస వివరాలు ముందుగా ఇంటికి తెలియజేయడం, వెలుగు ఉండగానే నడక ముగించడం పరిష్కారం. నిజానికి ప్రమాదం కొండమీదకంటె తీరంలోనే ఎక్కువ పొంచి ఉంటుంది. విశాఖ తీరంలో అలల లోపలి లాగుడు ఈతగాళ్లను సైతం మోసగిస్తుంది. కనుక సముద్రస్నానాన్ని నిషేధించడం మేలు.

రెండవ ఆక్షేపణ ఖర్చు. నాలుగు రోజులు చాలునని నా అంచనా. మొదటి రోజు నౌకాశ్రయ పరిసరాలు, 1969లో నౌకాదళంలో చేరి 2002 నుండి తీరాన ప్రదర్శనశాలగా నిలిచిన కుర్సురా జలాంతర్గామి. రెండవ రోజు తొట్లకొండపై బౌద్ధారామ శిథిలాలు, వర్షపు నీటిని నిలుపుకొనేందుకు అక్కడి భిక్షువులు రాతిలో తొలిపించిన తొట్లు, భీమునిపట్నంలో గోస్తనీ సాగరసంగమం. మూడవ రోజు రైలులో బొర్రా, అక్కడి నుండి కటికి జలపాతం వైపు నడక. నాలుగవ రోజు అరకు, కాఫీ తోటలు. దీనికి ఖరీదైన హోటళ్లు అక్కరలేదు. నది ముగిసిన చోటు నుండి మొదలయ్యే దిక్కుకు ప్రయాణించినట్లూ అవుతుంది.

అయినప్పటికీ ఆ కొద్ది సొమ్మును సైతం భరించలేని విద్యార్థులు మన తరగతులలో ఉన్నారు. యాత్ర జాబితాలో తమ పేరు లేకపోవుటకు కారణమేమని అడిగితే వారు ఆరోగ్యం బాగులేదనో, ఇంటివద్ద పని ఉన్నదనో చెబుతారు. అసలు కారణం అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. మన పీఠభూమిలో పుట్టి పెరిగిన వారిలో సముద్రాన్ని ఎన్నడూ చూడని వారు ముందుగా వీరే. వీరిని విడిచి వెళ్లే యాత్రకు విజ్ఞానయాత్ర అన్న పేరు తగదు.

కావున కళాశాల కమిటీ వారికి నా విన్నపం ఇది. రాబోయే సంవత్సరం యాత్రను ఈ విధంగా రూపొందించండి. వార్షికోత్సవ అలంకరణల వ్యయంలో కొంత తగ్గించి, ఆ మొత్తాన్ని నిరుపేద విద్యార్థుల ప్రయాణ ఖర్చుకు కేటాయించండి. ఎవరికి సహాయం అందినదో తోటివారికి తెలియనీయకండి. విద్యార్థి మిత్రులు తమ వంతుగా ఇప్పటినుండే ప్రతి ఉదయం కొంతదూరం నడవడం అలవరచుకొంటే, ఆ కొండదారిలో వెనుకబడిన వారి చేయి పట్టుకొని నడిపించే శక్తి వారికి కలుగుతుంది.