త్రవ్వుట, త్రవ్వించుట

బావి త్రవ్వితిమనుటకును, త్రవ్వించితిమనుటకును మనభాషలో “ఇంచు” అను ప్రత్యయమే భేదము. ఆంగ్లమున నట్టి ప్రత్యయము లేదు; పదముల వరుసయే గతి. “ఐ హ్యాడ్ డగ్ ఎ వెల్” అనిన స్వయముగా త్రవ్వియుండుట. “ఐ హ్యాడ్ ఎ వెల్ డగ్” అనిన నితరులచే త్రవ్వించుట.

ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురము జిల్లా బండ్లపల్లిలోనే మొదలైనది. అట్టి పనిలో గడ్డపాఱ పట్టిన స్త్రీ ఆంగ్లమున అర్జీ వ్రాయునపుడు ఈ వరుస తాఱుమాఱైనచో, కూలి యడుగవలసిన యామె కూలి యిచ్చునామె యగును!

అట్లని యెల్లయెడల “ఇంచు” చేర్చరాదు. “ఐ హ్యాడ్ మై నెక్లెస్ స్టోలెన్” అనిన హారమును దొంగిలింపించితినని యర్థమా? దొంగలపాలయ్యెననియే. ఇచట సందర్భమే దిక్కు. “ఐ సా ది ట్యాంక్ ఫిల్డ్” అనగా చెరువు నిండియుండ గాంచితిననుట. ఈ వాక్యమును కన్నులార చూచి వ్రాయుదమన్న మా సీమలో నేండ్లు పట్టును.