దుబారా ఎవరిదండీ?

"ఆడవాళ్ళ చేతిలో డబ్బు నిలవదు" అని బిల్లు చూసి శ్రీవారు విసుక్కోవడం ఇంటింటా వినేదే. నేనొప్పుకోను. తప్పు చేతిది కాదు, కొట్టు కట్టిన తీరుది.

మా మక్తల్‌లో కిరాణా సేటు బల్లకు అవతల, మనం ఇవతల. చీటీ చదివితే కందిపప్పు, చింతపండు తూచి పొట్లం కడతాడు. చీటీలో లేనిది కంటబడినా చేతికందదు. ఆ బల్లను 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన తీసేశాడు. బుట్ట చేతికిచ్చి, అరలన్నీ చుట్టివస్తేగాని బయటపడలేని దారి పెట్టాడు. బుట్ట బరువెక్కితే కొనడం ఆపేస్తున్నారని 1937లో ఓక్లహోమాలో సిల్వన్ గోల్డ్‌మన్ దానికి చక్రాలు తగిలించాడు. ఎంత దయో!

ఇప్పుడు పట్నంలో సూపర్‌మార్కెట్ చూడండి. రోజూ కావలసిన బియ్యం, పప్పు చాలాచోట్ల చిట్టచివర. ఖరీదైన సరుకు సరిగ్గా కంటి ఎత్తున, చవకది వంగితేగాని అందనిచోట. చాక్లెట్లు మాత్రం బిల్లు వరుస పక్కనే, పిల్లాడి చేతికందేంత కిందికి! వాణ్ణి ఏడిపించేది కొట్టువాళ్ళు, "పెంపకం బాగాలేదు" అనిపించుకునేది తల్లి.

సేటు తూకంలో దగా చేస్తే నిలదీస్తాం కదా, అరలు చేసే దగాకెందుకు ఊరుకోవాలి? ఆ చాక్లెట్లు అక్కణ్ణించి తీయమని గట్టిగా అడగండి. ఈసారి శ్రీవారిని వెంటబెట్టుకెళ్ళి, చీటీ ఆయన చేతికిచ్చి, బండి ఆయనచేతే తోయించండి. బిల్లెంతయిందో అప్పుడు మాట్లాడుకుందాం.