టీ మడ్డి సిరా

మా అక్క కొడుకు పోయిన నెల వచ్చి నా బల్ల మీద ఒక సిరాబుడ్డి పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోవచ్చుగా! "సీపియా, మామయ్యా. అచ్చం తాతయ్య ఉత్తరాల రంగు" అన్నాడు.

వాడి తాతయ్యంటే మా నాన్న. ఆయన ఉత్తరాలు నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. వీడు వాటిని జన్మలో చూడలేదు. ఆ రాత్రే కోపంకొద్దీ కట్ట విప్పాను. అన్నీ ఇన్లాండు లెటర్లు. నీలం కాగితం, దాని మీద బ్లూబ్లాక్ సిరా. "ఉభయకుశలోపరి" దగ్గర ఉకారం ముద్దకట్టింది. సంతకం దగ్గరికొచ్చేసరికి పెన్నులో సిరా అయిపోవచ్చినట్టుంది, గీత పలచబడింది. మడతల దగ్గర కాగితం రంగు మారింది. ఒక మూల తుప్పుపట్టిన గుండుసూది మచ్చ ఉంది. కట్ట మొత్తంలో బ్రౌన్ అన్నది అంతే. అది గుండుసూది రాసిన రాత, మా నాన్నది కాదు.

ఆయనది రాజమండ్రి రత్నం పెన్ను. 1935లో గాంధీగారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారే, ఆ రత్నంగారి పెన్ను. డ్రాపరుతో సిరా పోసేవారు, చూపుడువేలు ఎప్పుడూ నీలంగానే ఉండేది. ఆ వేలి రంగు నాకు గుర్తుంది గనకే ఇంత మంట.

ఈ మాట మావాడొక్కడిదే అయితే ఊరుకుందును. ఫౌంటెన్ పెన్ను కొత్తగా చేతబట్టిన ప్రతి కుర్రాడూ నీలం తర్వాత బ్రౌనే కొంటున్నాడు. ఎందుకయ్యా అంటే పాత లుక్కు వస్తుందట. పాతకాలం రంగు బ్రౌనని వీళ్ళకెవరు చెప్పారు? సినిమావాళ్ళు. తాత పెళ్ళయినా, ఊరి జాతరయినా, ఫ్లాష్‌బ్యాక్ అనగానే తెర మీద టీ ఒలకబోస్తారు. ఆ రోజుల్లో వరిచేలు పచ్చగా ఉండేవి కావా? పాత ఫొటోలకి ఆ రంగు రావడానికి కారణం వేరు. నలుపు తెలుపు బొమ్మలోని వెండిని గంధకం ఉన్న రసాయనంతో సిల్వర్ సల్ఫైడ్‌గా మార్చేవాళ్ళు. అలా చేస్తే బొమ్మ ఎక్కువ కాలం నిలుస్తుంది. పాడవకుండా ఉండాలని వేసిన రంగుని మనవాళ్ళు పాతబడినదానికి గుర్తుగా పట్టుకున్నారు.

పాత రాతప్రతులు బ్రౌన్‌గానే ఉంటాయి కదా అంటారు. ఉంటాయి. రాసిననాడు మాత్రం నల్లగానే ఉన్నాయి. యూరపులో వందల ఏళ్ళు వాడింది మాచికాయలూ, అన్నభేదీ, జిగురూ కలిపి చేసిన సిరా. అన్నభేది ఇనుప లవణం. ఆ సిరా రాసేటప్పుడు పలచగా ఉండి, గాలి తగిలి నల్లబడుతుంది. శతాబ్దాలు గడిచాక ఆ నలుపు పోయి తుప్పురంగు తేలుతుంది. బెర్లిన్‌లో భద్రపరిచిన సంగీతకర్త బాఖ్ స్వరపత్రాలను కొన్నిచోట్ల ఆ సిరాయే తొలిచేసింది. జబ్బు రంగు అది! మన దగ్గర మాచికాయ బదులు కరక్కాయ వేసేవారు. కరక్కాయ సిరాతో లెక్కలు రాసిన కరణం తాను నల్లగా రాస్తున్నాననే అనుకున్నాడు. తాటాకు సంగతి సరేసరి. గంటంతో గీరి, గీతల్లోకి మసి పులిమేవారు. ముదిరింది ఆకు, అక్షరం నలుపే. వీళ్ళు ఆకు రంగు తెచ్చి అక్షరానికి పూస్తున్నారు.

ఇక ఈ సిరాల పేర్లు. సీపియా అంటే గ్రీకులో కటిల్‌ఫిష్. దాని సంచిలోని సిరాతో ఒకప్పుడు చిత్రకారులు బొమ్మలు వేశారు. ఇప్పటి బుడ్డిలో ఉండేది నీళ్ళూ రంగూ, ఆ జీవి వాసన కూడా ఉండదు. అసలుది పోస్తే పెన్ను పూడిపోతుంది లెండి. ఆయుర్వేదం కొట్టులో సముద్రపు నురుగని అమ్మే దాని ఎముకలోనైనా కాస్త నిజాయితీ ఉంది. ఇంకొకటి 'ఏన్షియంట్ కాపర్'. మరొకటి 'యామాగురి', జపాను అడవి చెస్ట్‌నట్టట, మావాడు ఆ కాయ మొహం ఎరగడు. అన్నిటికీ తలమానికం ఫ్రెంచివాళ్ళ 'లీ ద తే'. అర్థం టీ మడ్డి. మా సందు చివర టీ కొట్టాయన రోజూ సాయంత్రం కాలవలో పారబోసేదే అది. ఫ్రెంచిలో పేరు పెట్టి గాజుబుడ్డిలో పోసేసరికి వీళ్ళకి కళ్ళు చెమరుస్తున్నాయి.

ఎవరి డబ్బు వారిది. చదివేవాళ్ళ సంగతేమిటి? లేత బ్రౌన్ సిరాల గొప్ప షేడింగట. చేయి ఆగినచోట ముదురు, పరిగెత్తినచోట లేత. ఇంగ్లీషు రాతకి అది బాగుండొచ్చు. మనకి ద, ధ ల తేడా అంతా కింద ఒక్క గీత. ప, ఫ లదీ అదే కథ. ఆ గీతని చెయ్యి విసురుగా లాగేస్తుంది, సరిగ్గా అక్కడే సిరా పలచబడుతుంది. మావాడు 'ధనం' అని రాసి చూపించాడు. నాకు 'దనం' అని కనిపించింది.

కంటికి హాయి అంటారు. పగటిపూట సరే, రాత్రి పసుపు బల్బు కింద కూర్చుని చదివి చెప్పండి.

నేనూ ఒకసారి ఈ వెర్రిలో పడ్డాను, దాచడం ఎందుకు. ఒక ఆఫీసులో బ్రౌన్ సిరాతో అర్జీ రాసిస్తే, గుమాస్తా వెలుతురుకి పట్టి చూసి, "జిరాక్సు వద్దండీ, ఒరిజినల్ తీసుకురండి" అన్నాడు. వేలు తడిచేసి సంతకం మీద రుద్దితే, సిరా అలుక్కుపోయాక గానీ నమ్మలేదు. నమ్మాక, సంతకం చెరిగిపోయింది కాబట్టి మళ్ళీ రాయమన్నాడు.

మరి ఏది కొనాలంటారా? కొని తీరాలంటే నలుపుకి ఒక్క మెట్టు ఇవతల ఉన్న ముదురు బ్రౌన్ కొనండి. మీ పాళీతో, మీరు రోజూ వాడే కాగితం మీద 'ధర్మం' అని రాసి, చేయి చాచినంత దూరం పెట్టి చదవండి. అంతకు మించిన సలహా నాకు తోచలేదు. నిజంగా పాతరంగే కావాలనుకునేవాళ్ళకి కరక్కాయ, అన్నభేది, తుమ్మబంక ఇప్పటికీ దొరుకుతాయి. ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకండి, పూడిపోతుంది. వెదురు కలంతో ముంచి రాసుకోవాలి. కొలతలు కూడా ఇక్కడే ఇద్దామనుకున్నాను గానీ, నేను చేసింది రెండుసార్లూ బూజు పట్టింది.