గెలిచేది ఎవరో ముందే తెలిస్తే రేసు చూడ్డం ఎందుకు?

గోపన్‌పల్లి పీజీల్లో ఆదివారం సాయంత్రం ఫార్ములా 1 పెట్టుకునే బ్యాచ్‌లు ఉంటాయి కదా, మాదీ అందులో ఒకటి. 2023లో సగం రేసుకే మాకు ఆవలింతలు. 22 రేసుల్లో వెర్‌స్టాపెన్ ఒక్కడే 19 కొట్టేశాడు మరి!

అదే ఏడాది ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగింది, గుర్తుందా? వెర్న్ గెలిచాడు. ఆ సీజన్‌లో 16 రేసులు, ఏడుగురు విజేతలు.

అయితే తలలు లెక్కపెడితే సరిపోదు, ఎవరికెన్ని దక్కాయో చూడాలి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. ఒక్కొక్కరి గెలుపుల్ని వర్గం చేసి కూడండి. రేసుల సంఖ్య వర్గాన్ని ఆ మొత్తంతో భాగించండి. ఫార్ములా 1లో గెలుపులు 19, 2, 1. వర్గాల మొత్తం 366. 22 వర్గం 484. భాగిస్తే 1.3! పేరుకే ముగ్గురు విజేతలు, పోటీ మాత్రం ఒకడితోనే సరి. ఫార్ములా ఈకి 5.3 వస్తుంది.

అమెరికా స్టాక్ కార్ల నాస్కార్ చూడండి. 2022లో 36 రేసులు, 19 మంది విజేతలు. లెక్కేస్తే దాదాపు 14! ఆ ఏడాదే వచ్చిన కొత్త కారులో చాలా పార్టులు అన్ని టీములూ ఒకే సప్లయర్ దగ్గర కొనాల్సిందే. డబ్బున్నోడి ఆటలు కొంత తగ్గాయి.

గెలుపులే అంతా కాదనుకోండి. మనూరికొచ్చిన ఆ సీజన్‌లో ఈవన్స్, కాసిడీ చెరో నాలుగు గెలిచారు. టైటిల్ మాత్రం రెండే గెలిచిన జేక్ డెన్నిస్‌కి పోయింది, 11 సార్లు పోడియం ఎక్కాడు కాబట్టి. అందుకే పాయింట్ల తేడా కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

2024 ఫిబ్రవరిలో ఇక్కడ జరగాల్సిన రెండో రేసు రద్దయింది. మా బ్యాచ్ మళ్లీ ఫోన్ స్క్రీన్‌కే.