కొమ్మనుండి పుట్టిన వనము

పెరటిలో మల్లెను పెంచదలచినపుడు మనము విత్తనమును వెదకము. బాగుగ పూచెడి తీగనుండి కొమ్మను త్రుంచి పాతుదుము. ఆ కొమ్మ తల్లినే పోలును. మామిడి టెంకను పాతినచో పండు తల్లిచెట్టు పండువలె నుండునను నమ్మకము లేదు. మన రైతులు జామాయిలని పిలుచు యూకలిప్టసు విషయమునను ఇదియే ధర్మము.

ఈ చెట్టునకు పుట్టినిల్లు ఆస్ట్రేలియా ప్రాంతము. బ్రెజిలు దేశమున అరక్రూజ్ అనుచోట కాగితపు గుజ్జు కొరకు విత్తనములతో విస్తారమైన తోటలు వేసిరి. కొన్ని చెట్లు నిటారుగ పెరిగెను, కొన్ని గిడసబారెను, 1970 తరువాత పుండు తెగులు సోకి అనేకములు చెడెను. అచ్చటి శాస్త్రజ్ఞులు తెగులునకు లొంగని మేలి చెట్ల నేరి నరికించిరి. ముదురు కొమ్మలు సులభముగ వేరు తొడుగవు. మోడునుండి వచ్చు లేత చిగుళ్లు తొడుగును. వానిని తుంపరల నీటి గదులలో నాటి లక్షలాది మొక్కలు చేసిరి. శీఘ్రముగ పెరుగు గ్రాండిస్ జాతికిని, తెగులునకోర్చు యూరోఫిల్లా జాతికిని సంకరము గూర్చి రెండు గుణములను ఒక్క చెట్టున నిలిపిరి. ఈ కృషికి 1984లో స్వీడను దేశపు వాలెన్‌బర్గ్ బహుమానము నందిన నలుగురిలో యారా ఇకెమోరి యను స్త్రీ యొకరు.

మన గోదావరి తీరమున భద్రాచలము కడనున్న కాగితపు కర్మాగారమువారు 1989లో ఈ పద్ధతినే ఆరంభించిరి. ఏరిన చెట్లకు సంఖ్యలు పెట్టి, వాని కొమ్మమొక్కలను రైతుల కమ్మిరి. మంచి నేలలో నివి విత్తనపు మొక్కలకంటె రెండు మూడు రెట్లు కలప నిచ్చినవి.

అయితే ఇందొక ప్రమాదము కలదు. ఒక సంఖ్య మొక్కలన్నియు కవలపిల్లలవంటివి. ఒకదానిని చెరచు చీడ అన్నిటిని చెరచును. 2000 తరువాత దక్షిణదేశమునకు వచ్చిన చిన్న కందిరీగ యొకటి లేతాకుల యీనెలలో గ్రుడ్లు పెట్టి బుడిపెలు పుట్టించెను. మొక్కలు ఎదుగుట మానెను. కొన్ని సంఖ్యలు మిక్కిలి నష్టపడెను, కొన్ని తట్టుకొనెను. ఒక్క సంఖ్యనే నమ్మినవారి కష్టమును వేరుగ చెప్పవలెనా?

జామాయిలు కోతకు వచ్చుటకు నాలుగేండ్లు పట్టును. బిడ్డల చదువు, పెండ్లి ఆ పైకముపై నాధారపడిన యిండ్లు అనేకములు. కావున మొక్కలు కొనునాడు వెల యొక్కటియే యడుగక, అవి విత్తనపువా, కొమ్మవా, ఏ సంఖ్యవి యని ఇల్లాలును అడుగవలెను. మూడు నాలుగు సంఖ్యలను వేర్వేరు మళ్లుగ నాటింపుడు. పోపుడబ్బాలోని సొమ్మంతయు ఒక్కచోట దాచని మనకు ఈ నీతి క్రొత్తది కాదు.