పసుపు డబ్బా వేరు, మాత్రల సీసా వేరు

ఈమధ్య ఎవరింటికి వెళ్ళినా భోజనాల బల్ల మీద ఒక సీసా కనిపిస్తోంది. పసుపు సారం మాత్రలు, గ్రీన్ టీ సారం, ఉసిరి సారం. "యాంటీ ఆక్సిడెంట్లండీ, కణాలను కాపాడతాయి" అంటారు. మొక్కల నుంచి తీసినవి కదా, మేలు చెయ్యకపోయినా కీడు చెయ్యవని అందరికీ ధీమా. నా అభ్యంతరమంతా ఆ ధీమా మీదే.

ఆ "కాపాడతాయి" అన్నమాట ప్రయోగశాలల్లోంచి వచ్చింది. మనిషి కణాలను పళ్ళెంలో పెంచుతారు. కొన్నింటికి మొక్క సారం వేస్తారు, కొన్నింటికి వెయ్యరు. తర్వాత అన్నింటికీ హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటిది తగిలించి, ఏవి ఎక్కువ బతికాయో లెక్కపెడతారు. సారం వేసినవి చాలాసార్లు నెగ్గుతాయి. అది అబద్ధం కాదు. కానీ ఆ పళ్ళేనికి కడుపు లేదు, పేగుల్లేవు, కాలేయం లేదు. మన పసుపులో కర్క్యుమిన్ నూటికి సుమారు 3 పాళ్ళు. మింగితే అందులోనూ రక్తంలోకి చేరేది బహు స్వల్పం. ఇంకో తమాషా, గ్రీన్ టీ సారాన్ని కణాలు పెంచే ద్రవంలో కలిపితే అక్కడ హైడ్రోజన్ పెరాక్సైడే పుడుతుందని 2000లో తేలింది. కాపలాకి పెట్టినవాడే కన్నం వేసినట్టు!

మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే కర్క్యుమిన్ ఒంటికి పట్టడం 2000 శాతం పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. పాలల్లో పసుపు, మిరియాలు మనకి కొత్త కాదు. చిటికెడు వేసుకుంటాం, జలుబు తగ్గితే మానేస్తాం. సీసాలో దాన్నే చిక్కబరిచి రోజూ మింగమంటున్నారు. కాలేయం విరిచి బయటికి పంపాల్సినదాన్ని పైపరిన్ ఆపుతుంది. మనం వేసుకునే వేరే మందులనీ అలాగే ఆపొచ్చు. ఇటలీలో 2019లో ఇలాంటి పసుపు మాత్రలు వాడినవాళ్ళలో కాలేయం వాపు కేసులు బయటపడ్డాయి.

ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద జరిగిన పరీక్ష ఇంకా పెద్దది. క్యారెట్ పసుపుదనమైన బీటా కెరోటిన్‌ని కొందరికి రోజుకి 20 మిల్లీగ్రాముల చొప్పున ఏళ్ళ తరబడి ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందనుకుంటే, మాత్ర వేసుకున్నవాళ్ళలో 18 శాతం ఎక్కువ వచ్చింది. 1994 నాటి మాట ఇది. అయినా సీసాలు అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చదివానంటే, మా పిన్నికి కీమో నడుస్తోంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఒక సీసా తెస్తున్నారు. ప్రేమతోనే, కాదనను. కానీ రేడియేషన్, కీమో మందుల్లో కొన్ని ఆ ఆక్సిడేషన్ దెబ్బతోనే క్యాన్సర్ కణాన్ని చంపుతాయి. యాంటీ ఆక్సిడెంట్‌కి మంచి కణం, చెడ్డ కణం అన్న తేడా తెలుస్తుందా? ఈ మాటంటే "నీకు మన వైద్యం మీద నమ్మకం లేదు" అని పెద్దవాళ్ళ నిష్ఠూరాలు. చారులో పసుపు వేస్తూనే ఉన్నానండీ నేను.

వచ్చిన సీసాలన్నీ ఒక సంచిలో వేశాను. సోమవారం పిన్నితో పాటు అవీ డాక్టరు గారి దగ్గరికి వస్తాయి. ఆయన సరే అన్నవి తప్ప మిగతావాటి మూత తియ్యనని పిన్నితో ఒప్పందం.