షెడ్డు ముచ్చట్లు: ముందు ట్యాంకు మూత విప్పండి

పోయిన నెల మారికుప్పం అన్న ఒకాయన తన పద్మినిని తాడు కట్టి లాగించుకొని మా షెడ్డుకు తెచ్చినాడు. 2001లో గనులు మూసినాక చేతికొచ్చిన డబ్బుతో కొన్న బండి అది. దాన్ని బాడుగకు తిప్పే బిడ్డల్ని చదివించినాడు.

"ఏమప్పా, పాత ఇనుముకు వేసేద్దామా?" అన్నాడు. కూతురికి నెలలు నిండినాయి, కోలారు ఆసుపత్రికి పోవాల. బండేమో ఏడెనిమిది కిలోమీటర్లు బాగా పోయి, దగ్గి ఆగిపోతా ఉంది. పావుగంట నిలిపితే మళ్ళీ స్టార్టు అవుతుంది. కార్బొరేటర్ మార్చాలని ఎవరో చెప్పినారంట.

నేను కార్బొరేటర్ ముట్టలేదు. పెట్రోలు ట్యాంకు నుంచి పైపుకు, పైపు నుంచి పంపుకు, ఆ తరవాతే కార్బొరేటరుకు వస్తుంది. మనమూ అదే దారిన వెతకాల.

బండిని నడిపి, ఆగిన చోటే ట్యాంకు మూత తిప్పినా. 'సుయ్' మని గాలి లోపలికి పోయింది. పాత మూత పోతే అంగట్లో దొరికినది పెట్టినాడు. దానికి గాలి రంధ్రం లేదు. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటికి గాలి రావాల. రాకుంటే పంపు ఎంత గుంజినా పెట్రోలు రాదు. సరైన మూత వేసినా, రోగం కుదిరింది.

మూత బాగుంటే తరవాత పంపు చూడండి. ఇంజను చల్లారినాక కాయిల్ వైరు పీకి, కార్బొరేటరుకు వచ్చే పైపును సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. పెట్రోలు చిమ్మి చిమ్మి పడాల. పడకుంటే పైపు పగిలిందో, పంపులో డయాఫ్రం చినిగిందో చూడండి. ఇంజనాయిలు పెట్రోలు వాసన కొడితే డయాఫ్రం మీదే అనుమానం. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, పాత రబ్బరు దానికి తట్టుకోదు.

పెట్రోలు బాగా పడితే అప్పుడు కార్బొరేటర్ విప్పండి. జెట్లను గాలితో ఊదండి, తీగతో పొడవద్దు. రంధ్రం పెద్దదైతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

నల్లపొగ వస్తే మొదట ఎయిర్ ఫిల్టర్ దులపండి. మన సైనైడ్ దిబ్బల దుమ్ము సంగతి మీకు చెప్పాలా!

ఈ పనులు ఆరుబయటే చేయండి. బీడీ దగ్గరికి రానీయద్దు, పెట్రోలు నోటితో పీల్చద్దు.

ఆ అన్న కూతురు బిడ్డనెత్తుకొని పద్మినిలోనే ఇంటికొచ్చింది.